రెండు వైపులా పేర్లున్న బోర్డు

చెక్క బోర్డు మీద చేత్తో అక్షరాలు రాయించుకోవడం ఇప్పుడు మళ్లీ ఫ్యాషనైంది. మొన్న నరసరావుపేటలో ఒక పెళ్లికి వెళితే హాలు గుమ్మం దగ్గర పెద్ద చెక్క పలక నిలబెట్టారు. చుట్టూ పూలు, చిలకలు, మధ్యలో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు. పాత అలవాటు కదా, దగ్గరికి వెళ్లి చూశాను. అక్షరాలు తాగినవాళ్లలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రాసిన అమ్మాయి పక్కనే ఉంది. "హ్యాండ్ మేడ్ కదంకుల్, అట్టాగే ఉండాలి" అంది. చేత్తో చేసినదంతా వంకరగా ఉండాలని ఈ పిల్లలకు ఎవరు చెప్పారో తెలియదు. నేను బతుకంతా చేత్తోనే రాశాను. వంకరగా రాసుంటే ఆ బోర్డు తీసి నా నెత్తినే కొట్టేవాళ్లు.

ఆ అమ్మాయే తర్వాత ఫోన్ చేసి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం నా అనుభవాలు రాసి ఇవ్వమంది. కుంచె ఎలా పట్టుకోవాలో, ఏ రంగు ఎంత పలచన చేయాలో రాస్తానని ఆశపడి ఉంటుంది. అవన్నీ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. వీడియోల్లో కనిపించనిది ఒకటుంది. అక్షరం రాయడం చిన్న పని. రాయించుకునేవాళ్లను భరించడం పెద్ద పని.

చిలకల మధ్య చోటు

మా దుకాణం నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఉండేది. పక్క కొట్టు వడ్రంగి బ్రహ్మయ్యది. చెక్క కోసి, నున్నగా చిత్రిక పట్టి, రంగేసి, దాని మీద తామరపూలు, చిలకలు, ఎద్దు తలకాయలు దించేది అతను. ఆ తర్వాత పేరు రాసేది నేను. బ్రహ్మయ్యకు తన పనితనం మీద చానా నమ్మకం. బోర్డంతా చిలకలతో నింపేసి, మధ్యలో అరచేయంత ఖాళీ వదిలి, "ఇంద, నీ అక్షరాలేవో ఇందులో ఇరికించు" అనేవాడు. జనం చిలకల్ని చూడటానికి బోర్డు పెట్టుకుంటారని అతని నమ్మకం. నేను చచ్చేదాకా వాదించినా ఆ నమ్మకం పోలేదు, పోదు.

తెలుగు అక్షరానికి చోటు కావాలి. గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. కొత్తవాళ్లు ఇంగ్లీషుకు గీసినట్టు పైనొక గీత, కిందొక గీత గీసుకుని మొదలుపెడతారు. వెంకటేశ్వర్లు అని రాసేసరికి వత్తు పోయి కింద చిలక కంట్లో పొడుచుకుంటుంది. ముందు వత్తులకు చోటు లెక్కేసుకోండి. ఆ తర్వాతే తలకట్టు సంగతి.

చెక్క గోడలాంటిది కాదు, రంగును తాగుతుంది. ముడి ఉన్నచోట తాగకుండా ఉమ్మేస్తుంది. మన పల్నాడు ఎండకు డబ్బాలో రంగు మీగడ కడుతుంది. మిరపకాయల లారీలు తిరిగే రోజుల్లో సరిగ్గా సున్నా చుట్టేటప్పుడే తుమ్ము వస్తుంది. ఇవన్నీ ఉద్యోగంలో భాగం. కళ అని పేరు పెట్టుకుంటే తుమ్ము ఆగదు.

మస్తాన్ గారు

నాకు పని నేర్పింది మస్తాన్ గారు. మనిషి సన్నం, నోరు మాత్రం చాలా పెద్దది. మెచ్చుకోవడం అనేది ఆయన పుట్టిన వీధిలోనే లేదు. నేను బాగా రాస్తే ఏమీ అనేవాడు కాదు. బాగా రాయకపోతే సందులో వెళ్లేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. "చూడండి, మావాడు 'ళ' రాశాడు. జిలేబీ అనుకుని ఎవరన్నా కొరికేరు" అనేవాడు. దారినపోయే ఆడవాళ్లు కూడా ఆగి నవ్విపోయేవాళ్లు. ఆ నవ్వులకు నాకు కడుపు మండిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే కూడా కొంచెం మండుతుంది. అలా అవమానించి నేర్పడం గొప్ప పద్ధతేమీ కాదు. ఆయన కంటే మెల్లగా మాట్లాడేవాడు దొరికి ఉంటే ఇంకా తొందరగా నేర్చుకునేవాడిని.

కానీ ఆయన చెప్పిన మాట ఒకటి మాత్రం నిజం. "ఒరేయ్ సుందరం, పేరు రాయించుకునేవాడు పేరు చదువుకోడు. పక్కవాడి పేరు కంటే పెద్దగా ఉందా లేదా అని చూస్తాడు. స్కేలు చేతిలో పెట్టుకుని రాయి" అనేవాడు. అప్పట్లో అది అక్షరాల గురించి అనుకున్నాను.

పెద్దగా రాయండి

చెక్క బోర్డు ఎంత చిన్నదైనా అందరూ ఒక్కటే అడుగుతారు, "పెద్దగా రాయండి" అని. ఒక వకీలు గారు తలుపుకు తగిలించే పలక చేయించుకున్నారు. పేరుతో పాటు చదివిన చదువులన్నీ రాయమన్నారు. రాశాను. ఇంటిపేరు పూర్తిగా రాయమన్నారు. రాశాను. ఆ తర్వాత పాత హోదా ఒకటి గుర్తొచ్చింది, దాన్నీ ఇరికించాను. చివరికి ఆయన అసలు పేరు చీమ తలంత అయింది. "ఏందయ్యా, నా పేరు కనపడట్లా?" అన్నారు. "మీ చదువులు అడ్డమొచ్చినయ్ సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు, లోపలికి వెళ్లి నవ్వుకున్నాను.

రంగుల సంగతి చెప్పనక్కరలేదు. మన దగ్గర పసుపు ఉత్త పసుపు కాదు, నీలం ఉత్త నీలం కాదు. చెక్కకు పసుపు నప్పుతుందని వేస్తే, "మమ్మల్ని ఆ పార్టీ అనుకుంటారు, తుడిచెయ్" అంటారు. నీలం వేస్తే వాళ్ల తోడల్లుడు వచ్చి చూసి మొహం తిప్పుకుంటాడు. ఎలక్షన్లు అయిన మరుసటి వారం నాకు పండగే, ఊళ్లో సగం బోర్డులు రంగు మారేవి. నిన్నటిదాకా ఒక రంగులో ఉన్న ఇంటిపేరు ఈరోజు ఇంకో రంగులో ఉంటే ఆ ఇంటాయన నా దగ్గర తల దించుకుంటాడేమో అనుకునేవాణ్ణి. ఒక్కడూ దించుకోలేదు. పైగా అక్షరాలు ఇంకొంచెం లావుగా వేయమనేవాళ్లు. మీరు మాత్రం మెరూన్ వేయండి. మెరూన్‌కు ఇంకా ఏ పార్టీ రాలేదు.

ఎడ్ల జత బోర్డు

ఇక అసలు సంగతి. నేను పని మానేయడానికి కొన్నేళ్ల ముందు జరిగింది.

కారంపూడి పక్క ఊళ్లో కోటయ్య అని ఒక రైతు. అతని భార్య రమణమ్మ. ఆవిడ తమ్ముడు అంజయ్యది శావల్యాపురం వైపు ఊరు. రమణమ్మకు మొదటి కాన్పు అయినప్పుడు పిల్లవాడి పాలకని పుట్టింటివాళ్లు ఒక ఆవును తోలారు. ఆ ఆవు సంతతిలో పుట్టిన కోడెదూడను ఆవిడ పెద్దోడు అని పిలుచుకుంది. దానికి జోడుగా కోటయ్య సంతలో ఒక దూడను తెచ్చాడు. అది చిన్నోడు. రెంటినీ పెంచింది రమణమ్మే. ఉలవలు ఉడకబెట్టింది, కడిగింది, తోమింది, రోగమొస్తే పక్కన కూర్చుంది. కోటయ్య కాడి కట్టి తోలడం నేర్పాడు. ఆ రెండూ బండలాగుడు పందేలకు తయారయ్యాయి.

దూడ పేడ వేసినన్నాళ్లు అంజయ్యకు దాని మీద ఏ మమకారమూ లేదు. ఒక తిరునాళ్లలో ఆ జత మొదటి బహుమతి కొట్టి, ఫోటో ఫోన్లలో తిరిగేసరికి బంధుత్వం పొంగింది. "పెద్దోడు మా ఆవు కడుపున పుట్టింది. అది మాదే" అన్నాడు. ఉలవల బస్తాలు పంపడం మొదలుపెట్టాడు. బావామరుదులు మాట్లాడుకుని, ఇక మీదట జతను ఇద్దరి పేరు మీదా పందెంలోకి దించుదామని ఒప్పందం చేసుకున్నారు. పందేల్లో అది మామూలే. ఒక ఎద్దు ఒకరిది, ఇంకో ఎద్దు ఇంకొకరిది అయితే దాన్ని కంబైన్డ్ జత అంటారు. ఎడ్లు బరిలోకి వచ్చేటప్పుడు మైకులో ఇద్దరి పేర్లూ చదువుతారు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఎవరి పేరు ముందు చదవాలి?

వాళ్లిద్దరూ, తోడుగా ఊరి మాజీ సర్పంచి, నా దుకాణానికి వచ్చారు. ఎడ్ల ముందు మనిషి పట్టుకుని నడిచే టేకు చెక్క బోర్డు కావాలన్నారు. ఫ్లెక్సీ అందరికీ ఉంటుంది కాబట్టి వీళ్లకు చెక్కది కావాలి. బ్రహ్మయ్య అప్పటికే రెండు చివర్లా రెండు ఎద్దు తలకాయలు, మధ్యలో ఎదురెదురుగా రెండు చిలకలు దించేశాడు. పేర్లే మిగిలాయి.

"ముందు నాది రాయండి. తోలేది నేను" అన్నాడు కోటయ్య.

"బావా, ఆవు మాది. ఆవు లేకపోతే నువ్వేం తోల్తావ్, గాలినా?" అన్నాడు అంజయ్య.

పక్కపక్కన రాస్తే ఎడమవైపు ఉన్నది ముందు చదువుతారు. ఒకదాని కింద ఒకటి రాస్తే పైది ముందు చదువుతారు. గుండ్రంగా రాయమని కూడా అడిగారు. గుండ్రానికి కూడా మొదలుంటుందని చెప్పాను. ఇద్దరూ నన్ను శత్రువును చూసినట్టు చూశారు.

అప్పుడు మాజీ సర్పంచి తీర్పు చెప్పాడు. "రెండు పక్కలా రాయి సుందరం. ఒక పక్క కోటయ్య ముందు, ఇంకో పక్క అంజయ్య ముందు. ఇద్దరికీ న్యాయం జరిగిపోద్ది."

"మోసేవాడు ఏ పక్క చూపిస్తాడండీ?" అన్నాను.

"అది మేం చూసుకుంటాం. నువ్వు రాసేది రాయవయ్యా."

రాసేది రాశాను. ఒకరి పేరు కింద ఇంకొకరి పేరు, స్కేలు పెట్టి రాశాను. ఒకరి అక్షరం ఇంకొకరి అక్షరం కంటే వెంట్రుక వాసి పెరగకుండా రాశాను. నా చేతి మీదుగా వచ్చిన మంచి బోర్డుల్లో అదొకటి. మనుషులు ఎంత వెర్రిగా ఉన్నా బోర్డు బాగుండాలి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

తీసుకెళ్లడానికి కోటయ్యతో పాటు రమణమ్మ వచ్చింది. బోర్డును అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"అక్షరాలు బాగున్నయ్ అన్నా" అంది. తర్వాత నెమ్మదిగా, "వీళ్లిద్దరికీ చెడితే ఎడ్లను చెరొకటి తోలుకుపోతారు. జత విడిపోతే అవి బతకవు. ఒకటి కనపడకపోతే ఇంకోటి గడ్డి ముట్టదు. నా భయమంతా అదే" అంది.

కోటయ్య వినిపించుకోలేదు. తన పేరు ముందున్న వైపును తుండుగుడ్డతో తుడుస్తున్నాడు.

బరిలో

రాసేవాళ్లకు ఒక జబ్బుంటుంది. మనం రాసింది ఎండలో, జనం మధ్యలో ఎలా కనిపిస్తుందో చూడాలని. ఆ జబ్బుతోనే వాళ్లు జతను దించే తిరునాళ్లకు వెళ్లాను.

మైకులో చెప్పే ఆయన మంచి మాటకారి. కోటయ్య ఎడ్లు లోపలికి వస్తున్నాయి. ముందు బోర్డు. ఆయన చూసి, "అంజయ్య గారు, కోటయ్య గార్ల కంబైన్డ్ జత!" అని చదివాడు. కోటయ్య ఎడ్లను వదిలేసి పరుగెత్తి బోర్డు తిప్పాడు. ఆయన ఆగి, "క్షమించాలి, కోటయ్య గారు, అంజయ్య గార్ల జత!" అన్నాడు. అంజయ్య వచ్చి మళ్లీ తిప్పాడు. "మళ్లీ అంజయ్య గారే వచ్చారండీ!" అన్నాడు మైకాయన. జనం ఈలలు. బోర్డు మోసే మనిషి పాపం దాన్ని బిగించిన గడకర్ర చుట్టూ తానే తిరుగుతున్నాడు. నా అక్షరాలు ఎండలో ఎంత బాగా మెరిశాయో చెబితే మీరు నమ్మరు. అవి బాగా కనపడటమే కొంప ముంచింది.

ఎడ్లకు బండ కట్టారు. విజిల్ వేశారు. టైము నడుస్తోంది. తోలాల్సిన కోటయ్య బోర్డు దగ్గర బామ్మరిది చొక్కా పట్టుకుని ఉన్నాడు. ఎడ్లు కాడి కింద నిలబడి చెవులాడిస్తున్నాయి. అదిలించేవాడు లేడు.

అప్పుడు బరి ఆ చివర, తాడు అవతల, రమణమ్మ కనిపించింది. ఆడవాళ్లు సాధారణంగా అంత ముందుకు రారు. ఆవిడ చీర చెంగు నడుముకు దోపి, తాడు మీద చెయ్యేసి గట్టిగా పిలిచింది.

"పెద్దోడా! చిన్నోడా! రండయ్యా, రండి!"

చర్నాకోల లేదు, అదిలింపుల్లేవు, తోలేవాడు లేడు. రెండూ మెడలు వంచి ఒక్కసారిగా కదిలాయి. బండ వెనకాల దుమ్ము లేచింది. ఆవిడ దాకా తిన్నగా వెళ్లి ఆగిపోయాయి. పందెం గెలవాలంటే అక్కడి నుంచి తిప్పి మళ్లీ లాగించాలి. తిప్పేవాడెవడు? అవి మాత్రం గెలిచేసినట్టే ఆవిడ భుజం మీద మూతులు పెట్టుకుని నిలబడ్డాయి. టైమైపోయింది.

"ఈ జత ఎవరిదో బోర్డు చూస్తే తెలవలా. ఎడ్లనడిగితే తెలిసింది!" అన్నాడు మైకాయన. జనం చప్పట్లు ఆపలేదు. నాకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

కృష్ణ అవతల మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దరైతు నా పక్కనే నిలబడి చూశాడు. ఆయన తాడు దగ్గరికి వెళ్లి రమణమ్మతో, "మంచిగ పెంచినవ్ తల్లీ. మా ఇంట్ల సుత పందెపు ఎడ్లే ఉంటయి. ఎన్నడన్న అమ్మాలనుకుంటే నాకే చెప్పు. రెంటినీ కలిపే కొంట, విడిగ కొన" అన్నాడు. ఆవిడ ఆయన ఫోన్ నంబరు తన ఫోన్‌లో వేయించుకుంది.

బావామరుదులు ఇదేమీ చూడలేదు. ఓడిపోయింది నీవల్లంటే నీవల్లని ఇంకా బోర్డు కిందే ఉన్నారు.

పంపకం

కొన్నాళ్లకు ఇద్దరూ ఆ బోర్డు మోసుకుని మళ్లీ నా దగ్గరికి వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మాజీ సర్పంచి సమక్షంలో పంపకాలైపోయాయట. పెద్దోడు అంజయ్యకు, చిన్నోడు కోటయ్యకు. సోమవారం మంచిరోజు కాబట్టి పెద్దోణ్ణి తోలుకుపోతానని అంజయ్య అన్నాడు. బోర్డు ఇద్దరి సొమ్ముతో చేయించింది గనుక దాన్ని కూడా సమానంగా పంచాలి.

"మధ్యకు కోసి చెరి సగం ఇయ్యండి" అన్నాడు కోటయ్య.

"కోస్తే అటు సగం పేరు, ఇటు సగం పేరు వస్తయ్ కోటయ్యా. ఏం చేసుకుంటారు?" అన్నాను.

"చేసుకుంటామో, పొయ్యిలో పెట్టుకుంటామో. ఆయనకు మొత్తం దక్కగూడదు" అన్నాడు అంజయ్య.

"రమణమ్మ ఏమంటోంది?" అని అడిగాను.

"దాన్నడిగేదేంది?" అన్నాడు కోటయ్య. ఆ ఒక్క విషయంలో మాత్రం బామ్మరిది అవునన్నట్టు తల ఊపాడు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల పనిలో రకరకాల మూర్ఖుల్ని చూశాను గానీ, ఇంత సమానంగా పంచుకున్న మూర్ఖత్వం చూడలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. వాళ్లకు అర్థం కాలేదు. బ్రహ్మయ్యను కేకేసి రంపం తెమ్మన్నాను. కోత ఎక్కడ పడాలనే దాని మీద మళ్లీ తగువు. సరిగ్గా మధ్యకు కోస్తే చిలకల ముక్కులు తెగుతాయి. కొంచెం జరిపితే ఒకరికి చిలక ఎక్కువ పోతుంది. ఇద్దరూ బోర్డు మీదికి వంగి, వేళ్లతో జానలు కొలుస్తున్నారు.

కోటయ్య ఫోన్ మోగింది. రెండు చేతులూ బోర్డు మీదే ఉన్నాయి, అందుకని స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు. రమణమ్మ.

"యాడున్నారు?"

"పేటలో. బోర్డు పంచుకుంటన్నాం."

"మీ తమ్ముడు కూడా ఉన్నాడా?"

"మా తమ్ముడేంది, నీ తమ్ముడు. ఉన్నాడు."

"అయితే ఇద్దరూ వినండి. ఎడ్లను అమ్మేశా."

వేళ్లు ఆగిపోయాయి.

"మిర్యాలగూడాయన లారీ తెచ్చుకుని వచ్చాడు. జత విడదియ్యనని పలుపు ముట్టుకుని మాటిచ్చాడు. మీరటు పోగానే ఎక్కిచ్చి పంపించా. ఈపాటికి కిష్ణ దాటుంటయ్."

"అక్కా! నా ఎద్దునెట్టా అమ్ముతావే?" అని అరిచాడు అంజయ్య.

"నీదేందిరా? దానికి గొంతువాపొచ్చిననాడు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది నువ్వా?"

"ఒసేయ్, ఇంటికొస్తే నీ సంగతి చెప్తా" అన్నాడు కోటయ్య.

"రండి. కొట్టంలో ఎవరూ లేరు, తీరిగ్గా చెప్పుకుందురు." అక్కడిదాకా గట్టిగానే మాట్లాడింది. ఆ తర్వాత మెల్లగా అంది. "లారీలో కట్టేదాకా రెండూ నా వైపే చూస్తా ఉన్నయ్. నేను పిలుస్తానేమోనని చూసినయ్. నోరు నొక్కుకుని నిలబడ్డా. పిలిస్తే దూకేసేవి."

ఇంకేదో చెప్పబోయి ఏడుపు తన్నుకొచ్చి ఫోన్ పెట్టేసింది.

కోటయ్య బెంచీ మీద కూలబడ్డాడు. అంజయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ అమ్మ తన చేతులతో ఎడ్లను లారీ ఎక్కించిన దృశ్యమే నా కళ్లముందు ఆడుతోంది. బల్ల మీద బోర్డు వెల్లకిలా పడి ఉంది. పై వైపున ఎవరి పేరు ముందుందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

బ్రహ్మయ్య రంపం పట్టుకుని లోపలికి వచ్చాడు. చిలకల్ని చూసుకుని కొంచెం బాధపడి, పెన్సిల్ చెవి మీద నుంచి తీసి అడిగాడు.

"చెప్పండి, యాడ కొయ్యమంటారు?"